ఆగిపోయిన పనికి పేరేమిటి?



ఈసారి మేము రాయబోయేది కొరియన్ వ్యాకరణం గురించి. పల్లెటూరి పాస్టరుకు కొరియన్ వ్యాకరణంతో ఏం పని అని మీకు నవ్వు రావచ్చు. మా ఇంటావిడకు కూడా వచ్చింది. అయితే ఆ భాషలోని ఒక చిన్న ముక్క, మా సంఘంలోని ఒక కుటుంబం కొన్ని నెలలుగా తేల్చుకోలేకపోతున్న సంగతిని సరిగ్గా పట్టి చూపించింది. అందుకే ఓపిగ్గా చదవమని కోరుతున్నాం. ప్రతి కొరియన్ మాటకూ పక్కనే తెలుగు చెబుతూ వెళ్తాం.

మా ఊరు భువనగిరి అవతల. ఊళ్ళో వ్యవసాయం సన్నగిల్లాక చాలా కుటుంబాలు పట్నం దారి పట్టాయి. వరంగల్ రోడ్డు మీద బస్సెక్కితే దిగేది ఉప్పల్‌లో. అక్కడి నుంచి నాచారం దగ్గర. నాచారం పారిశ్రామికవాడలో పని, మల్లాపూర్ సందుల్లో అద్దె గది, జబ్బు చేస్తే ఈఎస్ఐ ఆసుపత్రి. మా వాళ్ళ బతుకులు ఈ మూడింటి మధ్య తిరుగుతుంటాయి. వాళ్ళ కోసం నెలకోసారి, రెండో శనివారం సాయంత్రం, నాచారంలో ఒకరింట్లో కూడిక పెట్టుకుంటాం. కూడిక అయ్యాక టీ తాగుతూ మాట్లాడుకునే మాటల్లోనే మాకు చాలా సంగతులు తెలుస్తాయి. ఈ కొరియన్ సంగతి కూడా అలా వచ్చిందే.

ఆ ఇంటి అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి ఉప్పల్‌లో ఒక ఆఫీసులో రాత్రి షిఫ్టు చేస్తుంది. పగలు కొరియన్ నేర్చుకుంటుంది. మొదట్లో సీరియళ్ళు చూసి మొదలుపెట్టింది. తర్వాత అది పట్టుదలగా మారింది. అనంతపురం వైపు పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక, తెలుగు నేల మీదే కొరియన్ వచ్చినవాళ్ళకు పని ఉందని మన పిల్లలకు తెలిసింది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి తార్నాకలో దిగితే ఇఫ్లూ విశ్వవిద్యాలయం. అక్కడ కొరియన్ నేర్పుతారు. ఉద్యోగం వదిలి అక్కడ చేరే వీలు ఈ బిడ్డకు లేదు. ఫోనులో పాఠాలు వింటూ, పాత పుస్తకాలు కొనుక్కుని, టోపిక్ అనే పరీక్షకు తయారవుతోంది. ఆ పరీక్షలో ఆరు మెట్లు ఉంటాయి. ఈమె రెండో మెట్టు దాటి మూడో మెట్టు మీద కాలు పెట్టింది.

అక్షరాలు తేలికేనట. సెజోంగ్ అనే రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రజలకు ఇచ్చిన లిపి అది. మూల అక్షరాలు 24 మాత్రమే. వాక్యం కట్టే తీరు కూడా మనకు దగ్గరే: కర్త ముందు, క్రియ చివర. "నిన్న కొన్న పుస్తకం" అని మనం ఎలా అంటామో, వాళ్ళూ అదే వరుసలో అంటారు. ఇంగ్లీషులో లాగా వాక్యాన్ని తిరగేయాల్సిన పని లేదు. "అయ్యగారూ, ఇంగ్లీషు కన్నా ఇదే నయం. తెలుగులో అనుకుని మాట మాటకూ మార్చుకుంటూ పోతే చాలాసార్లు సరిపోతుంది" అంది ఆ అమ్మాయి.

ఈ పోలిక చూసి ఆశ్చర్యపోయినవాళ్ళు పూర్వం కూడా ఉన్నారు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1886లో కొరియాకు ఉపాధ్యాయుడిగా వెళ్ళి, తర్వాత మెథడిస్టు మిషనరీగా పనిచేశాడు. కొరియన్ భాషనూ మన ద్రావిడ భాషలనూ పక్కపక్కన పెట్టి 1905లో ఒక తులనాత్మక వ్యాకరణమే అచ్చు వేయించాడు. ఈ రెండూ ఒక తల్లి బిడ్డలని ఆయన నమ్మాడు. నేటి భాషాశాస్త్రవేత్తలు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోరు. వరుస కలిసినంత మాత్రాన వంశం కలిసినట్టు కాదు కదా. కొరియన్‌లో వంతెనను "దారి" అంటారు. అది విని మా కూడికలో అందరూ నవ్వారు. అదీ కాకతాళీయమే. కానీ ఒకే తీరుగా కట్టిన రెండు ఇళ్ళ వాళ్ళు ఒకరింట్లో ఒకరు తడుముకోకుండా నడవగలిగినట్టు, మనకు ఆ భాషలో కొన్ని గదులు చప్పున దొరుకుతాయి.

దొరకని గది ఒకటుంది. ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది దాని గురించే.

కొరియన్‌లో నామవాచకం ముందు క్రియను పెట్టేటప్పుడు కాలాన్ని బట్టి రూపం మారుతుంది. "కట్టడం" అనే క్రియనూ "ఇల్లు" అనే మాటనూ తీసుకుందాం. ఇల్లును వాళ్ళు "జిప్" అంటారు. "జియున్ జిప్" అంటే కట్టిన ఇల్లు, పని అయిపోయింది. "జిన్నున్ జిప్" అంటే కడుతున్న ఇల్లు. "జియుల్ జిప్" అంటే ఇక ముందు కట్టబోయే ఇల్లు. ఈ మూడూ మనకు ఉన్నవే. నాలుగోది "జిత్తొన్ జిప్." ఇందులో ఉన్నది "దొన్" అనే ప్రత్యయం. ముందున్న హల్లును బట్టి కొన్నిచోట్ల "తొన్" అని గట్టిపడి వినిపిస్తుంది. అప్పట్లో కడుతూ ఉన్న ఇల్లు, పూర్తయిందని చెప్పని ఇల్లు అని దాని భావం.

ఈ దొన్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, పూర్వపు అలవాటు చెప్పడం. "దానిదొన్ హక్క్యో" అంటే వెళ్తూ ఉండిన బడి, మనం చదువుకున్న పాత బడి. "సాల్దొన్ జిప్" అంటే ఒకప్పుడు కాపురమున్న ఇల్లు. రెండు, మధ్యలో ఆగిన పని చెప్పడం. "ఇక్తొన్ ఛేక్" అంటే చదువుతూ పక్కన పెట్టిన పుస్తకం. "గాదొన్ గిల్" అంటే వెళ్తూ ఉన్న దారి. "మొక్తొన్ బాప్" అంటే తింటూ వదిలిన అన్నం. దీనికి మన దగ్గర పదునైన మాటే ఉంది: ఎంగిలి. "ఇప్తొన్ ఓత్" అంటే ఒకరు కట్టి విడిచిన బట్టలు. పట్నం నుంచి మూటలు కట్టి పల్లె సంఘాలకు పంపే బట్టలు చాలావరకు ఇప్తొన్ ఓత్ లే.

ఇవి కాక చుట్టుపక్కల ఇంకొన్ని ఉన్నాయి. అప్పుడప్పుడు చేస్తూ వచ్చిన పనికి "గోన్ హేత్తా" అనే ముగింపు: సెలవుల్లో తాతగారి ఊరు వెళ్తూ ఉండేవాళ్ళం, అన్నట్టు. ఒక పని జరుగుతూ ఉండగా మరోదానికి మళ్ళితే "దాగా": ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయింది అని మనం అనేచోట వాళ్ళు "ఉల్దాగా" అంటారు. ఒకసారి జరిగి ముగిసిన దాన్ని గుర్తు చేసుకుంటే దొన్ ముందు భూతకాలపు గుర్తు చేరుతుంది: "గాత్తొన్" అంటే ఫలానాచోటికి అప్పుడు వెళ్ళొచ్చిన అని. పైగా ఈ దొన్‌లో, కళ్ళారా చూసినదాన్ని తలచుకుని చెబుతున్న ఛాయ కూడా ఉంటుంది.

ఆ అమ్మాయి ప్రశ్న ఇది: "అయ్యగారూ, అలవాటు ఒకటి, సగంలో ఆగిన పని ఒకటి. రెండూ వేరువేరు కదా. రెంటికీ ఒకే ముక్క ఎందుకు పెట్టారు?"

మంచి ప్రశ్న. సెమినరీలో డిప్లొమా చదివే రోజుల్లో గ్రీకు నేర్చుకునేటప్పుడు మా తరగతిలో కూడా ఇదే ప్రశ్న లేచింది. గ్రీకులో అసంపూర్ణ భూతకాలం అని ఒకటుంది. అపొస్తలుల కార్యాలు మూడో అధ్యాయంలో ఒక కుంటివాణ్ణి దేవాలయ ద్వారం దగ్గర రోజూ తెచ్చి కూర్చోబెట్టేవారని లూకా రాస్తాడు. అక్కడ వాడింది ఆ కాలమే. అది అలవాటు. అదే లూకా తన సువార్త ఐదో అధ్యాయంలో, చేపల బరువుకు వలలు పిగిలిపోసాగాయని రాస్తాడు. అక్కడా అదే కాలం. అది అలవాటు కాదు, పూర్తికాని పని. పిగలడం మొదలైంది కానీ వలలు చేపలను పోగొట్టలేదు. ఒకే కాలం ఒకచోట అలవాటు, ఇంకోచోట ఆగిన పని. గ్రీకులోనూ కొరియన్‌లోనూ ఇలాగే ఉందంటే దాని వెనక ఏదో కారణం ఉండాలి.

కారణం ఇది. "కట్టాడు" అన్నప్పుడు పనిని బయట నిలబడి మొదలూ చివరా కలిపి ఒక్క మూటగా చూస్తాం. "కడుతూ ఉండేవాడు" అన్నప్పుడు పని లోపలికి వెళ్ళి, అది నడుస్తుండగా చూస్తాం. లోపల నిలబడినవాడికి చివర కనపడదు. అలవాటుకు కూడా లోపల చివర ఉండదు. మీ అమ్మ రోజూ వాకిలి ఊడ్చేది అనుకోండి. ఏ రోజు ఊడ్చింది ఆ రోజుకు పూర్తవుతుంది. "ఊడ్చే అలవాటు" మాత్రం ఎప్పటికీ పూర్తికాదు. ఒకనాడు ఆగుతుంది, అంతే. కాబట్టి అలవాటూ సగంలో ఉన్న పనీ ఒక కోణంలో ఒకటే జాతి. రెంటికీ పూర్తి అనే మాట అంటదు. ఆగడం మాత్రమే అంటుంది.

ఇక తెలుగు సంగతి. ఆ అమ్మాయి బళ్ళో నేర్చుకున్న తెలుగులో ఈ రెండూ విడివిడిగా ఉన్నాయి. అలవాటుకు "వెళ్ళేవాడు, కట్టేవాడు." జరుగుతూ ఉన్నదానికి "వెళ్తున్నాడు, కడుతున్నాడు." నిన్నటి సంగతి చెప్పినా అదే రూపం: "నిన్న మేము పోయేసరికి ఆయన గోడ కడుతున్నాడు." అందుకే ఆమెకు దొన్ కొరుకుడు పడలేదు. ఇలాంటిది మన భాషలో లేదనుకుంది.

అప్పుడు వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న వాళ్ళమ్మ తల ఎత్తకుండానే అంది: "గా కొరియా భాష నాకేమెరుక బిడ్డా. మీ నాయిన కడ్తుండె గదా, గా ఇల్లు. గంతే గదా నువ్వు చెప్పేది?"

గదిలో ఎవరూ కాసేపు మాట్లాడలేదు. కారణం రెండు. మొదటిది వ్యాకరణం, రెండోది ఇల్లు. వరసగా చెబుతాం.

తెలంగాణ పల్లెల మాటలో "కడ్తుండె, పోతుండె, చెప్తుండె" అనే రూపం ఉంది. "మా తాత దినాం పోతుండె" అంటే అలవాటు. "నేను చూసేసరికి ఆయన పోతుండె" అంటే అప్పుడు నడుస్తున్న పని. మేము అయితే "పోతుంటిమి", నువ్వు అయితే "పోతుంటివి." ఒక్క రూపంలోనే అలవాటూ ఉంది, ఆగిన పనీ ఉంది. కొరియన్ దొన్ చేసే రెండు పనులూ ఈ తుండె చేస్తుంది. తేడా ఒక్కటే. దొన్ నామవాచకం ముందు నిలబడుతుంది, తుండె వాక్యం చివర నిలబడుతుంది. అందుకే ఆమె "కడ్తుండె గదా, గా ఇల్లు" అని రెండు ముక్కలుగా చెప్పింది.

ఈ మాటను పట్నంలో పిల్లలు దిద్దుతారు. సినిమాల్లో చాలాకాలం నవ్వించడానికి వాడారు. నాచారంలోనే ఎన్.టి.రామారావు కట్టించిన రామకృష్ణా స్టూడియో ఉంది. "అక్కడ షూటింగులు అవుతుండె, మేం గోడలెక్కి చూస్తుంటిమి" అని ఆ వాడలో పెద్దవాళ్ళు చెబుతారు. ఆ తెరల మీద మాత్రం వాళ్ళ "అవుతుండె" ఎక్కువగా హాస్యగాళ్ళ నోటే వినపడింది. అయితే మన పాత తర్జుమా బైబిలు చేతికి తీసుకుని ఏ పేజీ తిప్పినా "చేయుచుండెను, బోధించుచుండెను" అనే ముగింపులు కనపడతాయి. పల్లెలో "చేస్తుండె" అన్నా, వేదిక మీద "చేయుచుండెను" అన్నా అల్లిక ఒకటే. అక్షరం ముక్క చదవని ఆ తల్లి మాటలో ఉన్నదీ, ప్రసంగీకులు గంభీరంగా చదివేదీ ఒకే రూపం. ఆ సాయంత్రం ఆమెకు ఇది చెబితే, "నేను బైబిలు తీర్గ మాట్లాడుతున్ననా అయ్యగారూ" అని సిగ్గుపడి నవ్వింది.

ఇప్పుడు ఇంటి సంగతి.

ఆమె భర్త నాచారంలో ఒక కంపెనీలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఊళ్ళో తాత ఇచ్చిన జాగాలో ఇల్లు కట్టాలని ఆయన కోరిక. అప్పు తెచ్చి ఒకేసారి కట్టే రకం కాదు. ఏటా ఎండాకాలం సెలవు పెట్టి వచ్చి, ఆ ఏడు మిగిలిన డబ్బుకు ఎంత వస్తే అంత పని చేయించేవాడు. ఒక ఏడు పునాది. ఒక ఏడు మట్టి నింపడం. మరో ఏడు నాలుగు వరసల ఇటుక. మేస్త్రితో పాటు తానూ ఇటుకలు మోసేవాడు. గోడలు కిటికీ ఎత్తు దాటాయి. పిల్లర్ల మీద సలాకలు ఆకాశంలోకి లేచి ఉన్నాయి. స్లాబు వేయడానికి ముందే ఆయన జబ్బుపడి కన్నుమూశాడు. మూడేళ్ళయింది.

ఆ జాగాకు ఈమధ్య బేరం వచ్చింది. మేనమామ పెద్దమనిషిగా నిలబడి, "మొండిగోడలే గదా అక్కా, ఇంకెవరు కడ్తరు? అమ్మితే బిడ్డ పెండ్లికి అక్కరకొస్తది" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అప్పులున్నాయి. నాచారం అద్దె నెలనెలా కట్టాలి. బేరగాడు రాయించి తెచ్చిన కాగితంలో "అసంపూర్తి నిర్మాణంతో కూడిన స్థలము" అని ఉంది. ఆ తల్లి సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో తానే చెప్పలేకపోయింది. "గట్ల రాస్తే నాకు మనసొప్పుతలేదు" అని మాత్రం అంది. డబ్బు తక్కువని అనుకుంటోందని మేనమామ ఇంకొంచెం పెంచమని అడిగాడు. అయినా ఒప్పుకోలేదు.

ఈ ఇంటికి ఏ పేరు పెట్టాలో చూడండి. "ఆయన కట్టిన ఇల్లు" అంటే అబద్ధం, కట్టడం పూర్తికాలేదు. "ఆయన కడుతున్న ఇల్లు" అంటే అదీ కుదరదు, ఆయన లేడు. మిగిలినవి మొండిగోడలు, అసంపూర్తి, సగం ఇల్లు, పాడుబడ్డ ఇల్లు. ఈ పేర్లన్నిటిలో ఉన్న పోలిక గమనించారా? ప్రతి మాటా లేనిదాన్నే లెక్కపెడుతుంది. స్లాబు లేదు, తలుపు లేదు, పూర్తి కాలేదు. ఇరవై ఎండాకాలాల పనిలో ఒక్క ఇటుక కూడా ఆ మాటల్లో కనపడదు.

"జిత్తొన్ జిప్" అనే మాట ఉన్నదాన్ని లెక్కపెడుతుంది. ఒక మనిషి కడుతూ ఉండినాడు, మేము చూస్తూ ఉండినాం అంటుంది. పూర్తయిందని అబద్ధం చెప్పదు. పాడైందని తీర్పు చెప్పదు. ఆ అమ్మాయి తన నోటు పుస్తకంలో దొన్ కింద రాసుకున్న ఉదాహరణ ఇదే: "ఆబొజిగా జిత్తొన్ జిప్." నాన్న కడుతూ ఉండిన ఇల్లు. పుస్తకంలో ఉన్న ఉదాహరణ కాదు, తాను సొంతంగా కట్టిన వాక్యం. వాళ్ళమ్మ తన మాటలో చెప్పింది కూడా, ముక్క పొల్లు పోకుండా, అదే వాక్యం. బిడ్డ ఇన్నాళ్ళు పరాయి భాషలో వెతికిన రూపం తల్లి నోట్లో ముందే ఉంది. ఆ తల్లికి మనసొప్పనిది అమ్మకం ఒక్కటే కాదని అప్పుడు మాకు అర్థమైంది. ఆయన పనిని "అసంపూర్తి" అని రాసి సంతకం పెట్టమంటున్నారు. ఆమెకు గుచ్చుకున్నది అదే.

ఇదే ఇంట్లో దొన్‌కు ఇంకో ఉదాహరణ నడిచి తిరుగుతోంది. కొడుకు పాలిటెక్నిక్ రెండో ఏడులో ఉండగా తండ్రి పోయాడు. చదువు ఆగింది. ఇప్పుడు బండి మీద సామాన్లు చేరవేస్తాడు. చుట్టాలు వాణ్ణి "చదువు పాడు చేసుకున్నోడు" అంటారు. ఉద్యోగం కాగితాల్లో "మధ్యలో మానేసినవాడు" అని రాసుకుంటారు. ఎవరైనా నేరుగా అడిగితే వాడు ఇచ్చే జవాబు ఒక్కటే: "డిప్లొమా చదువుతుంటి." ఆ మాట వాడు తల దించుకుని చెబుతాడు. నిజానికి తల ఎత్తుకుని చెప్పదగ్గ మాట అది. చదువుతుంటి అనేది జరిగిన సంగతి. పాడు చేసుకున్నాడు అనేది చుట్టాల తీర్పు. మొదటిది సాక్షి చెప్పే మాట, రెండోది జడ్జి చెప్పే మాట. సాక్షులం కావలసినచోట జడ్జీలమై కూర్చుంటే ఇళ్ళలో పిల్లలు తల ఎత్తరు.

ఉప్పల్ మీదుగా ప్రయాణం చేసేవాళ్ళకు ఈ భేదం చూపించడానికి ఇంకో వస్తువు ఉంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వరంగల్ రోడ్డు మీద ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది. ఏళ్ళ తరబడి స్తంభాలు మాత్రమే నిలబడి ఉండేవి. వాటి కింద దుమ్ములో, గుంతల్లో బోడుప్పల్, పీర్జాదిగూడ జనం పడ్డ పాట్లు మాకు తెలుసు. మా బస్సు కూడా ఆ గుంతల్లోనే నడుస్తుండె. కొరియన్‌లో దాన్ని "జిత్తొన్ దారి" అనాలి, కడుతూ ఉండిన వంతెన. ఇక్కడ మాత్రం ఆ మెత్తని మాటతో సరిపెట్టుకోకూడదు. జనం పన్నులతో, గడువు పెట్టుకుని మొదలుపెట్టిన పనికి పూర్తి అనేది బాకీ. అడగవలసిందే. పేదవాడు తన రెక్కల కష్టంతో ఏటా నాలుగు వరసలు పేర్చిన గోడ వేరు. అది ఎవరికీ బాకీ లేదు. రెంటినీ ఒకే "అసంపూర్తి" అనే మాటతో కొలవడం న్యాయం కాదని మా మనవి.

ఇంకో సంగతి కూడా సరిగ్గా చెప్పాలి. దొన్ అనే ముక్క ఆ పని మళ్ళీ మొదలవుతుందని మాట ఇవ్వదు. "ఇక్తొన్ ఛేక్" ను రేపు మళ్ళీ తెరవచ్చు, తెరవకపోవచ్చు. "సాల్దొన్ జిప్" కు తిరిగి వెళ్ళేది లేదు. ఆగింది అన్నంతవరకే అది సాక్ష్యం ఇస్తుంది. ఆ తర్వాత ఏం చేయాలన్నది మాట్లాడేవాళ్ళ చేతిలో వదిలేస్తుంది. లూకా ఇరవై నాలుగో అధ్యాయంలో ఎమ్మాయు దారిన నడిచే ఇద్దరు, తమతో కలిసిన బాటసారికి తమ గోడు చెప్పుకుంటూ "ఏల్పిజోమెన్" అంటారు. అదీ ఆ అసంపూర్ణ కాలమే. మన పల్లె మాటలో చెబితే "ఆశ పెట్టుకుంటుంటిమి." ఆశ చచ్చిపోయిందని వాళ్ళు అనలేదు. ఇంకా ఉందనీ అనలేదు. ఎక్కడ ఆగిందో అక్కడ పెట్టి చూపించారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు నిజాయితీగా చెప్పగలిగింది చాలాసార్లు అంతే. అంతకన్నా ఎక్కువ చెప్పమని వాళ్ళను మనం తొందర పెట్టకూడదు.

తెలుగుకు మాత్రం ఇంకో ఆస్తి ఉంది. చిన్నయసూరి 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో "తద్ధర్మం" అనే పేరుతో ఒక రూపం చెప్పాడు. బళ్ళో తద్ధర్మార్థకం అని చదువుకున్నది గుర్తుందా? "వండే, పాడే, కట్టే" అనేవి ఆ కోవలోవే. మూడు కాలాలకూ అతికే రూపం అది. "మేము పాడే పాట" అంటే చిన్నప్పుడు పాడుతూ ఉండినది కావచ్చు, ప్రతి ఆదివారం పాడేది కావచ్చు, రేపు పాడబోయేది కావచ్చు. "కట్టేవాడు" అనే అలవాటు మాటలో ఉన్న "కట్టే", "రేపు కట్టే గోడ" లో ఉన్న "కట్టే" ఒకటే. కొరియన్‌లో వీటికి వేరువేరు రూపాలు. మనం గడిచిన అలవాటుకూ రాబోయే పనికీ ఒకే మాట వాడుకుంటున్నాం. "నాయిన కట్టే ఇల్లు" అని ఆ కొడుకు అంటే, అది తండ్రి చేసిన పనినీ చెబుతుంది, ఎవరైనా చేయి వేస్తే ముందుకు నడిచే పనికీ చోటు ఉంచుతుంది.

చివరికి ఇల్లు ఏమైంది అని అడుగుతారు. ఇంకా ఏమీ కాలేదు. బేరం ప్రస్తుతానికి ఆగింది. కొడుకు ఊరు వెళ్ళి సలాకలకు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి వచ్చాడు. ఒక్క గది మీద రేకులైనా వేయగలమా అని మేస్త్రిని లెక్క అడిగాడు. ఆ లెక్క వాళ్ళ చేతికి అందేదిగా లేదు. వచ్చే ఏడు నిజంగానే అమ్మవలసి రావచ్చు. అమ్మినా తప్పు లేదని మేము ఆ తల్లికి చెప్పాం. ఇల్లు అమ్మడం వేరు, ఆయన కష్టాన్ని మొండిగోడలని పిలవడం వేరు. అమ్మే కాగితంలో ఏ మాట రాసినా, పిల్లలకు చెప్పేటప్పుడు మాత్రం తన మాటే చెప్పమన్నాం. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "గదైతే చెప్త అయ్యగారూ" అంది. మేనమామ కూడా ఆ పక్కనే ఉన్నాడు. ఏమీ అనలేదు కానీ, పోతూ పోతూ మేనల్లుణ్ణి పిలిచి, పాలిటెక్నిక్‌లో మళ్ళీ చేరడానికి గడువు ఎప్పటిదాకా ఉందో కనుక్కోమన్నాడు.

ప్రియులారా, ప్రతి ఇంట్లో ఇలాంటి ఒక ఇల్లు ఉంటుంది. సగంలో ఆగిన కుట్టుపని, తండ్రి రాస్తూ ఉండిన లెక్కల పుస్తకం, అక్క నేర్చుకుంటూ ఉండిన సంగీతం, మనమే మొదలుపెట్టి అటకెక్కించిన చదువు. ఈ వారం అలాంటిదాన్ని ఒకదాన్ని బయటికి తీయండి. దానికి ఇంట్లో వాడుకలో ఉన్న పేరేమిటో వినండి. దండగ, పాడు, సగం, మొండి అనే మాటలు వినపడితే, ఒక్కసారి దాని పక్కన పల్లె మాట పెట్టి చూడండి: ఆమె కుడుతుండె. ఆయన రాస్తుండె. నేను చదువుతుంటి. అలా చెప్పిన తర్వాత దాన్ని పూర్తి చేయాలా, ఎవరికైనా ఇవ్వాలా, అలాగే భద్రంగా ఉంచాలా అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి. పేరు సరిగ్గా పెట్టుకున్నాక ఆ మాట మాట్లాడుకోవడం తేలిక.

ఆ అమ్మాయి పరీక్ష కోసం మీ ప్రార్థనల్లో తలచుకోండి. వచ్చే రెండో శనివారం నాచారంలో కలుద్దాం.